పిండికట్టుతో ఏడు వారాలు: స్లాబ్, పీఓపీ, ఫైబర్ మూడూ వాడాక

ఏప్రిల్ రెండో వారంలో బెజవాడ సత్యనారాయణపురంలో మా మేడ మెట్ల మీద కాలు మడతపడింది. చీలమండ దగ్గర బయటివైపు సన్న ఎముక చిట్లింది గానీ పక్కకు జరగలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, కట్టు చాలన్నారు. ఆ ఏడు వారాల్లో స్లాబ్ (ఒకవైపే పిండి ఉండే కట్టు), పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే పూర్తి పిండికట్టు), ఫైబర్ (ఫైబర్‌గ్లాస్ కట్టు) మూడూ నా కాలి మీదకు వచ్చాయి. ఏ రకం మంచిదని అందరూ అడుగుతున్నారు. రకం కన్నా కట్టే చెయ్యి ముఖ్యమని నా కాలే నాకు చెప్పింది.

మొదటి అయిదు రోజులు స్లాబ్. కాలి వెనకవైపు, అరికాలి కింద మాత్రమే పిండిపట్టీ ఉంటుంది, ముందంతా గుడ్డ బ్యాండేజీ. వాపు పెరిగినా దానికి చోటుంటుంది. కొత్త దెబ్బకు ఇదే సరైనది, పూర్తి కట్టు కోసం తొందరపడొద్దు.

వాపు తీసిందని పూర్తి పిండికట్టు వేసిన రోజు ఆస్పత్రి నిండా జనం. పాదం పట్టుకున్న కుర్రాడు వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. పిండి బిగిసేసరికి మడమ పైన ఆ వేళ్ల గుంటలు అలాగే మిగిలాయి, పాదం కూడా కిందికి వాలిపోయింది. రాత్రి పదకొండుకల్లా కాలివేళ్లు ఉబ్బి నేరేడుపండు రంగుకు తిరిగాయి. మాత్ర వేసుకున్నా నొప్పి తగ్గలేదు. బొటనవేలు పైకి లాగితే ప్రాణం పోయినంత పనైంది. తెల్లారనీ అని ఓర్చుకున్నాను. అలా ఓర్చుకోకూడదు. కట్టు లోపల నొప్పి రానురాను పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, నల్లబడినా, పాలిపోయి చల్లబడినా అర్ధరాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒత్తిడి అలాగే ఉండిపోతే కండ, నరం మళ్లీ కోలుకోలేనంతగా దెబ్బతింటాయి. పొద్దున్నే సూర్యారావుపేటలో మరో ఆస్పత్రికి వెళ్లాం. కట్టును పొడవునా కోసి, లోపలి దూదిని కూడా చర్మం కనిపించేదాకా చీల్చారు. కాసేపటికే వేళ్లకు రంగు తిరిగింది. మడమ పైన రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ పడి ఉంది.

నాలుగు రోజుల తర్వాత అక్కడే మళ్లీ పీఓపీ. ఈసారి కట్టింది ఒక పెద్దాయన. ముందు మేజోడు లాంటి గొట్టం గుడ్డ తొడిగారు. దానిమీద దూది రోలు, ఒక్కో చుట్టూ వెనకటి చుట్టును సగం కప్పేలా. మడమకు, చీలమండ గుబ్బలకు అదనంగా రెండేసి పొరలు. మోకాలి కింద బయటివైపు చిన్న బుడిపె ఉంటుంది చూడండి, పాదాన్ని పైకెత్తే నరం దాని పక్కనుంచే పోతుంది. కట్టు అంచు దానికి తగలకుండా రెండు వేళ్ల కిందే ఆపారు.

కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్లు సలసలా వచ్చాయి, బెజవాడ ఎండ మరి. ఆయన ఆ నీళ్లు పారబోయించి, నీడన ఉన్న బకెట్ తెప్పించారు. వేడినీళ్లలో ముంచితే పిండి తొందరగా బిగుస్తుంది, చర్మం కాలే ప్రమాదమూ ఉంది. రోలు నీళ్లలో పెట్టి, బుడగలు ఆగాక తీసి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా పిండారు. "అమ్మా, బొటనవేలు మీ ముక్కు వైపు చూడాలి, అలాగే ఉంచండి" అంటూ నా అరికాలికి తన అరచెయ్యి ఆనించి పట్టుకున్నారు. ఒక్క వేలు కూడా నొక్కలేదు. బిగిసేదాకా కదల్లేదు. 1850ల మొదట్లో డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసెన్ గుడ్డపట్టీలకు పిండి పట్టించి తడిపి చుట్టడం మొదలుపెట్టారు. నేటికీ పద్ధతి దాదాపు అదే, అందుకే నైపుణ్యమంతా చేతిలోనే ఉంది.

పైకి గట్టిపడినా లోపల ఆరడానికి రెండు రోజులు పట్టింది. గట్టి బల్ల మీద పెడితే సొట్ట పడుతుందని ఆ రెండు రోజులూ దిండు మీదే ఉంచాను, దుప్పటి కప్పకుండా, ఫ్యాను కింద. తర్వాత బరువు, చెమట, దురద. దురదకు పుల్ల దూర్చొద్దు. చర్మం గీరుకుంటే లోపల పుండైనా కనపడదు. హెయిర్ డ్రయర్‌ను చల్లగాలికి పెట్టి అంచు నుంచి ఊదితే కొంత నయం. మా అత్తయ్యగారు పుత్తూరు నాటు కట్టుకు వెళ్దామన్నారు, ఎక్స్‌రేలో ఎముక సరిగ్గానే ఉందని డాక్టరుగారు చూపించాక ఒప్పుకుని నల్లేరు పచ్చడి చేసిపెట్టారు.

మూడు వారాలకు పిక్క చిక్కి కట్టు వదులైంది. అప్పుడు ఫైబర్ వేశారు. ధర చాలా ఎక్కువ, కానీ సగం బరువు కూడా అనిపించలేదు, ఎక్స్‌రేలో ఎముక బాగా కనిపించింది. తడిసినా పరవాలేదన్న మాట నమ్మొద్దు. పై పెంకు తడిసినా పాడవదు, లోపలి దూది తడిస్తే చర్మం నానిపోతుంది. అంచులు గరుకు. నా చీర కుచ్చిళ్లు రెండుసార్లు తగులుకుని దారాలు లేచాయి, అంచుకు ప్లాస్టరు టేపు అంటించుకున్నాక ఆ బాధ తప్పింది.

కోసే రంపం చప్పుడుకు భయపడొద్దు. దాని పళ్లు గిర్రున తిరగవు, అటూ ఇటూ అదురుతాయంతే. వేడెక్కినట్టు అనిపిస్తే మాత్రం చెప్పి ఆపించండి, చర్మం కాలుతుంది. కట్టు విప్పాక పొట్టు లేచిన చర్మం, సన్నబడ్డ పిక్క చూసి ఏడుపొచ్చింది. టేపు పెట్టి కొలిస్తే రెండో కాలి కన్నా 3 సెంటీమీటర్లు తక్కువ. రోజూ గోడ పట్టుకుని మడమలు ఎత్తే వ్యాయామం చేస్తున్నాను. అయిదు నెలలకు తేడా 1 సెంటీమీటరుకు వచ్చింది. మేడ మెట్లు రెయిలింగు పట్టుకోకుండానే దిగుతున్నాను, ఎక్కువసేపు నిలబడ్డ రోజు మాత్రం సాయంత్రానికి చీలమండ ఉబ్బుతుంది. రాత్రి కాలికింద దిండు ఇంకా తీయలేదు.