తాతయ్య బ్రెడ్డు డబ్బా: ఏడేళ్లు వాడాక

కొలతలు రాయను. 400 గ్రాముల బ్రెడ్డు డబ్బా ఎలా ఉంటుందో అందరూ చూసిందే. నేను చెప్పదలచుకున్నదంతా దాని నలుపు గురించే.

తాతయ్య గోదావరి ఒడ్డున మా ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా బేకరీ నడిపారు. బేకరీ అంటే ఒక ఇటుకల బట్టీ, ఒక పిండి బల్ల, ముందు గదిలో బిస్కట్ల సీసాలు. ఊళ్లో బ్రెడ్డు కొనేది ఎక్కువగా జ్వరం వచ్చినవాళ్లే. వానాకాలం వస్తే మనకు పండగే అని అమ్మమ్మ నవ్వేది. బట్టీ ఆరిపోయాక సామానంతా తూకానికి పోయింది. ఈ ఒక్క డబ్బా నాకు దక్కింది. ఏళ్ల తరబడి రాసిన నూనె దాని మీదే ఎండి, కాలి, దోసెల పెనంలా నల్లబడింది.

పక్కన కొత్త డబ్బా పెట్టి చూసేదాకా ఆ నలుపు విలువ తెలియలేదు. ఒకే ముద్దను రెండు చేసి, 200 డిగ్రీల దగ్గర ఒకేసారి కాల్చాను. మెరిసే రేకు వేడిని తిప్పికొడుతుంది, నల్లటిది పీల్చుకుంటుంది. కొత్తదాంట్లో కాలిన బ్రెడ్డు పక్కలు పాలిపోయి, బయటికి తీసిన కాసేపటికే నడుము కుంగింది. తాతయ్య డబ్బాలోది నాలుగు వైపులా ఎర్రగా కాలి, బోర్లించి తట్టగానే జారి పడింది.

మూడో ఏడు దసరాకు ఇల్లంతా కడుగుతూ దీన్నీ సబ్బు నీళ్లలో నానబెట్టి, స్టీలు పీచుతో తళతళలాడేలా తోమాను. ఆ వారం బ్రెడ్డు సగం చేతికి వచ్చింది, సగం డబ్బాకే అంటుకుపోయింది. ఫోను చేస్తే అమ్మ, "దానికి నీళ్లు తగలకూడదని మా నాన్న ఎన్నిసార్లు చెప్పేవారు! గుడ్డతో తుడిచి, నూనె చెయ్యి రాసి బోర్లించేవారు" అంది.

సరే, ఇనుప పెనానికి చేసినట్టే చేద్దామని నూనె పట్టించి, ఓవెన్‌ను 250కి పెట్టాను. ఇల్లంతా పొగ. చల్లారాక చూస్తే మూలల్లో వెండి పూసల్లాంటి చుక్కలు. ఇనుప రేకు మీద తగరపు పూత ఉంటుందని, తగరం 232 డిగ్రీలకే కరుగుతుందని అప్పుడు తెలుసుకున్నాను. తాతయ్య నోట తగరం మాట ఎప్పుడూ వినలేదు. నిప్పులు బయటికి లాగి, తడి గోనెతో బట్టీ నేల తుడిచి, వేడి ఎంతుందో చూడటానికి చిటికెడు మైదా చల్లేవారు. వెంటనే మాడితే ఆగేవారు. నెమ్మదిగా ఎర్రబడితేనే డబ్బాలు లోపలికి వెళ్లేవి.

తరువాత తుడిచేస్తే లేనట్టే కనిపించేంత పల్చగా వేరుశనగ నూనె రాసి, 200 దగ్గర గంటసేపు చొప్పున ఆరుసార్లు కాల్చాను. మచ్చలు మచ్చలుగా గోధుమ రంగు పట్టింది. అంటుకోవడం మానడానికి ఇంకో ఏడాది పట్టింది.

దీని ముందు ఏ కొత్త డబ్బా పనికిరాదని మొదట్లో చుట్టాలందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. నా చిన్న ఓవెన్‌లో కింది కడ్డీ మరీ దగ్గర కాబట్టి అడుగు మాడుతుంది. వేడి 15 డిగ్రీలు తగ్గించి, కింద ఒక పళ్లెం పెడుతున్నాను. ముసురు పట్టిన వారం వాడకపోతే అంచుకు తుప్పు వస్తుంది. ఇంత చేసినా తాతయ్య బ్రెడ్డు రుచి వస్తుందా అంటే, రాదు. ఇటుకల వేడి వేరు.

మేమిద్దరమే, వారానికొక బ్రెడ్డు చాలు, నాకు తీరిక ఉంది. అందుకే ఇది సరిపోయింది. రెండు నెలలకోసారి కాల్చేవాళ్లు కొత్తదే కొనుక్కోవచ్చు, పక్కలు తెల్లగా ఉన్నా తినడానికి లోటేమీ లేదు. మా అమ్మాయి ఈ డబ్బా తనకు ఇమ్మంటోంది. ఇవ్వాలనే ఉంది కానీ వాళ్లింట్లో గిన్నెలు కడిగే యంత్రం ఉంది. ఇంకా ఆలోచిస్తున్నాను.