హావ్‌లాకా, కో తావోనా, మాల్దీవులా? స్కూబా ఇన్‌స్ట్రక్టర్‌కి ఏది మేలు?

మొన్న స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి దిగడం) ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష పాసైన విజయనగరం కుర్రాడొకడు థాయ్‌లాండ్‌లోని కో తావో దీవి నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, అండమాన్ వచ్చేయనా, ఇక్కడే కో తావోలో ఉండిపోనా? మాల్దీవుల్లో ఒక రిసార్ట్ వాళ్లు కూడా వివరాలు పంపమన్నారు." ఎక్కడ డబ్బులెక్కువొస్తాయన్నది అతని ప్రశ్న. నేను మాత్రం, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం పని చేయాలని ఉంది నీకు?" అని అడిగాను. మూడు చోట్లా ఉద్యోగం పేరు ఒకటే గానీ, చేసే పని దేనికదే.

నేను కో తావోలో నేర్చుకుని అక్కడే ఏడాది పాఠాలు చెప్పాను. తర్వాత మాల్దీవుల్లో ఒక కాంట్రాక్టు. ఇప్పుడు అండమాన్‌లోని హావ్‌లాక్‌లో ఐదో సీజన్. 2018 చివర్లో ఈ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, జెట్టీ దగ్గర అడిగి చూడండి, అందరి నోటా హావ్‌లాకే.

ఇక్కడ నా పనిలో ముప్పాతిక వంతు 'ట్రై డైవ్'లే. ఈత కూడా రాని మనిషిని చేయి పట్టుకుని సముద్రంలోకి తీసుకెళ్లాలి, అరగంట చేపలు చూపించాలి, వీడియో తీయాలి, క్షేమంగా ఒడ్డుకు చేర్చాలి. లోతు 12 మీటర్లు దాటకూడదు. రెండో నంబరు బీచ్‌లోని నీమో రీఫ్‌కి బోటు కూడా అక్కర్లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. వినడానికి బాగుంటుంది. ఆటు సమయంలో అయితే వీపున సిలిండర్‌తో, రాళ్ల మీద, భయపడుతున్న మనిషి మన భుజం నొక్కుతుంటే చాలా దూరం నడవాలి. ఖాళీ సిలిండరే 14 కిలోలుంటుంది. గాలికి బరువేంటనుకుంటారు గానీ, నిండా నింపితే ఇంకో రెండున్నర కిలోలు పెరుగుతుంది.

అన్నట్టు, ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదండీ. మనం పీల్చే మామూలు గాలినే కంప్రెసర్‌తో కుక్కి నింపుతాం. "బాబూ, ఆక్సిజన్ అయిపోతే?" అని రోజుకి నలుగురైనా అడుగుతారు, నలుగురికీ ఇదే చెబుతాను.

దసరా, సంక్రాంతి సెలవుల్లో మనవాళ్లు చాలామంది వస్తారు. పోయిన జనవరిలో కాకినాడ నుంచి ఒకావిడ వచ్చారు, యాభై దాటి ఉంటాయి. భర్త ఒడ్డునే నిలబడి "నీ వల్ల కాదులే, వచ్చేయ్" అంటున్నాడు. రెండు మీటర్లు దిగామో లేదో చెవులు చూపించి చేయి ఊపారు. పైకి తీసుకొచ్చాను. "చెవులు దిబ్బడేస్తున్నాయి నాయనా." "ముక్కు మూసుకుని మెల్లగా చీదండమ్మా, గట్టిగా వద్దు." అంతే, అర్థమైపోయింది. ఇదే మాట ఇంగ్లిష్‌లోనో హిందీలోనో చెబితే తల ఊపేవారు గానీ చేసేవారు కాదు. రెండోసారి దిగి ముప్పై నిమిషాలున్నారు. మధ్యలో సంతోషం పట్టలేక నాకు బొటనవేలు పైకెత్తి చూపించారు. డైవింగ్‌లో ఆ సైగకి 'పైకి వెళ్దాం' అని అర్థం. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. నిజంగా పైకే వెళ్లాలేమోనని ఆగి మళ్లీ అడిగితే, ముసిముసిగా నవ్వుతూ సున్నా చుట్టారు. హావ్‌లాక్‌లో నాకు గిట్టుబాటయ్యేవి ఇలాంటి రోజులే.

చెవుల సంగతి ఎవరూ ముందు చెప్పరు. లోతుగా దిగే డైవ్‌ల కన్నా ఈ తక్కువ లోతు పనే చెవులకి ప్రమాదం. నీటి పైభాగం నుంచి 10 మీటర్లు దిగేసరికే ఒత్తిడి రెట్టింపవుతుంది. అది మళ్లీ రెట్టింపు కావాలంటే ఇంకో 20 మీటర్లు దిగాలి. ట్రై డైవ్‌లు చేసేవాడు రోజుకి నాలుగుసార్లు, కస్టమర్ బెదిరినప్పుడల్లా పైకీ కిందికీ, ఆ మొదటి మీటర్లలోనే తిరుగుతుంటాడు. ఉప్పునీటికి చెవి లోపల చర్మం నాని చీము పడితే వారం రోజులు నీళ్లలోకి దిగకూడదు. జలుబు చేసినా అంతే. దిగని రోజుకి జీతం లేదనే చోట్లు ఉన్నాయి. నేను మొదట చేరిన షాపులో నాకలాగే పది రోజుల జీతం కోసేశారు. చేరే ముందు ఈ మాట కాగితం మీద రాయించుకోవాలని అప్పుడు తెలిసింది.

కో తావో ఇంకో లోకం. థాయ్ గల్ఫ్‌లో 21 చదరపు కిలోమీటర్ల దీవి, ఎటు చూసినా డైవ్ షాపులే. అక్కడ చేయి పట్టుకుని తిప్పడం తక్కువ, పాఠం చెప్పడం ఎక్కువ. మూడు నాలుగు రోజుల ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు, నలుగురైదుగురు విద్యార్థులు. మాస్క్‌లో నీళ్లు నింపి మళ్లీ ఖాళీ చేయించడం, నోట్లోని, గాలి అందించే రెగ్యులేటర్ తీసి మళ్లీ పెట్టించడం, చివరికి 18 మీటర్ల దాకా తీసుకెళ్లడం. అదే పాఠం వారానికి రెండుసార్లు చెబితే, ఎవరు ఎక్కడ కంగారుపడతారో వాళ్ల కళ్లు చూస్తేనే తెలిసిపోతుంది. నాకు టీచర్‌గా వచ్చిందంతా అక్కడి ఏడాదిలోనే. పరీక్షకి కావలసిన 100 డైవ్‌లు ఎవరైనా లెక్క పూర్తి చేస్తారు. అసలు చదువు ఆ తర్వాతే.

అక్కడి చిక్కు డబ్బుల దగ్గర. చాలా షాపుల్లో నెల జీతం ఉండదు, విద్యార్థికింతని లెక్క. ప్రతి నెలా కొత్త ఇన్‌స్ట్రక్టర్లు తయారవుతుంటారు కాబట్టి పోటీ ఎక్కువ. జర్మన్, ఫ్రెంచ్ వచ్చినవాడికి ముందు పని దొరుకుతుంది, మన తెలుగుకి అక్కడ గిరాకీ లేదు. వర్క్ పర్మిట్ మరో తలనొప్పి. ఒక విదేశీయుణ్ని పెట్టుకోవాలంటే మామూలుగా కంపెనీలో నలుగురు థాయ్ ఉద్యోగులుండాలి. టూరిస్ట్ వీసా మీద పనిచేసి దొరికిపోతే జరిమానా కట్టి ఇంటికి రావడమే. పర్మిట్ చేతికి రాకముందు నీళ్లలోకి దిగొద్దని ఆ కుర్రాడికి రెండుసార్లు చెప్పాను.

డైవింగ్ మాత్రం బాగుంటుంది. 2011లో కావాలని ముంచిన సత్తకూట్ అనే పాత నౌక ఉంది. చుంఫోన్ పినాకిల్ అనే నీటి అడుగు కొండ దగ్గర అదృష్టముంటే తిమింగల సొర కనిపిస్తుంది. గూడు కట్టిన టైటన్ ట్రిగర్ ఫిష్ జోలికి మాత్రం పోకూడదు. అది కాపలా కాసే చోటు గరాటాలా పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. పైకి పారిపోతే వెంటపడి కరుస్తుంది, పక్కకి ఈదుకుంటూ పోవాలి.

మాల్దీవుల గురించి ఎక్కువ చెప్పను. గది, తిండి రిసార్ట్ వాళ్లే చూస్తారు, ఖర్చు పెట్టడానికి చోటే లేదు, అందుకే మూడింట్లో డబ్బు మిగిలేది అక్కడే. అప్పులున్నవాళ్లు రెండో ఆలోచన లేకుండా వెళ్లొచ్చు. అతిథుల్లో చాలామంది అప్పటికే వందల డైవ్‌లు చేసినవాళ్లు, వాళ్లకి టీచర్‌తో పని లేదు, దారి చూపేవాడు చాలు. అటాల్ (ఉంగరంలా చుట్టుకున్న పగడపు దీవుల వరుస) మధ్య కాలువల్లో ప్రవాహం ఉరుకుతుంటుంది, దాన్ని చదవడమే అక్కడి విద్య. 30 మీటర్ల లోతు హద్దు అక్కడ చట్టం. సాయంత్రమయ్యాక దీవి చుట్టూ పావుగంటలో నడిచేయొచ్చు. మూడో నెలకి ఆ పావుగంట ఒక్కటే మిగిలిందనిపించింది నాకు.

ప్రవాహం చదవడం హావ్‌లాక్‌లోనూ నేర్చుకోవచ్చు, నేర్పేవాళ్లు దొరికితే. ఇక్కడి బోట్లలో, డైవ్ షాపుల్లో కరెన్ తెగ కుర్రాళ్లు చాలామంది. వాళ్ల ముత్తాతలు 1925లో బర్మా నుంచి వచ్చి అండమాన్‌లోనే మాయాబందర్ దగ్గర స్థిరపడ్డారు. నీళ్ల రంగు చూసి, పోటు ఎప్పుడు మారుతుందో వాళ్లు చెప్పేస్తారు. డిక్సన్స్ పినాకిల్‌కి వెళ్లేటప్పుడు పోటు వేళల పట్టిక కన్నా వాళ్ల మాటనే నమ్ముతాను.

ఇక క్యాలెండర్. హావ్‌లాక్‌లో అక్టోబరు నుంచి మే మొదటి వారం దాకా పని, ఆ తర్వాత నైరుతి రుతుపవనాలొస్తే బోట్లు తగ్గిపోతాయి, చేతిలో డబ్బులూ తగ్గిపోతాయి. సీజన్‌లోనూ తుపాను భయం ఉంటుంది. 2016 డిసెంబరులో తుపానుకి వెయ్యి మందికి పైగా టూరిస్టులు దీవుల్లోనే చిక్కుకుపోయారు. కో తావోలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ప్రశాంతం, నవంబరులో కెరటాలు. రెండూ ఒకదాని ఖాళీని ఒకటి నింపేలా ఉన్నాయి, పర్మిట్ ఒక్కటి కుదరాలి.

కాబట్టి నా ఓటు, మొదటి ఏడాది కో తావోకి. డబ్బులు రాకపోయినా పాఠం చెప్పడం వస్తుంది. ఆ తర్వాత హావ్‌లాక్. కో తావోలో నేర్చుకోకుండా నేరుగా ఇక్కడికొస్తే, చేయి పట్టుకుని తిప్పడమే ఇన్‌స్ట్రక్టర్ పని అనుకునే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లని చూశాను, మూడేళ్లయినా ఒక్క కోర్సు సరిగ్గా చెప్పలేరు.

ఆ కుర్రాడు అంతా విని, పర్మిట్ వస్తే సెప్టెంబరు దాకా అక్కడే ఉంటాననీ, అక్టోబరులో మా దగ్గర ఖాళీ ఉంటే చెప్పమనీ అన్నాడు. వచ్చేటప్పుడు కో తావోలోని సైరీ బీచ్ మందుల షాపులో చెవి చుక్కలు నాలుగు సీసాలు తెమ్మన్నాను. నా దగ్గరున్నవి అడుగంటాయి.