పాతబస్తీ బైండింగ్ షాపు: చివరి గడి కోయకుండా కుట్టిచ్చారు

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో, ఒక ఇరుకు సందులో ఉందీ షాపు. బోర్డు లేదు. పాత పుస్తకాలు బాగు చేయించుకోవాలనుకునేవాళ్లు తప్పకుండా వెళ్లండి.

మా మామగారి ముత్తాత కరణం. ఆయన రాసిన ఊరి చావుల లెక్క పుస్తకం మా ఇంట్లో గుడ్డమూటలో ఉండేది. ధాత కరువు నాటిది, 1877. పోయినేడు ఇంకోచోట రెండు కాగితాలు లామినేషన్ చేయించాను. మడతల దగ్గర అక్షరాలు చిట్లిపోయాయి, ఇక విప్పడానికీ లేదు. ఆ బాధతోనే ఇక్కడికి తెచ్చాను.

బైండింగ్ చేసే భాయ్ ఒక్కో కాగితం కింద అట్టముక్క పెట్టి తిప్పారు. "అమ్మా, ఈ చివరి గడి అంచు దాకా ఉంది. మిషన్లో కోస్తే పోతుంది. కోయొద్దు కదా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ గడి పేరు 'హేతువు'. మనిషి దేనితో పోయాడో రాసింది అందులోనే.

నేను ముప్పై ఏళ్లు పల్లెల్లో ఏఎన్ఎంగా చేశాను. ఆ గొలుసుకట్టు రాత కూడబలుక్కుని చదివితే ఒక పేజీలో వరసగా వాంతిభేది (అంటే కలరా), వాంతిభేది, జ్వరం, అమ్మవారు (మశూచి), జ్వరం అని ఉంది. ఆకలి అనే మాట ఎక్కడా లేదు. సర్కారు లెక్కల్లో ఉన్నవి కలరా, మశూచి, జ్వరం, భేదులు, దెబ్బలు, తక్కినవి. తిండి లేక ఒళ్లు గుల్లయినవాళ్లకు భేది పట్టుకుంటే ఎన్ని గంటలు నిలుస్తారు? రాసేటప్పుడు మాత్రం వాంతిభేది అనే రాస్తారు. కరువు పనికి వెళ్లిన మగమనిషికి, కరువు చూడ్డానికి సర్కారు పంపిన టెంపుల్ దొర ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. అంటే అరకిలో కూడా కాదు. అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కలరా క్రిమిని జర్మనీ డాక్టరు కాఖ్ కలకత్తాలో గుర్తుపట్టేసరికి 1884 వచ్చింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లతో నేను ఎంతమంది పిల్లల్ని లేపానో తలుచుకుంటే ఆ పేజీ తిప్పబుద్ధి కాదు.

పని గురించి చెప్పాలి. మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టదట. చిరిగినచోట పల్చటి టిష్యూ కాగితం అంటించారు, దాని కింద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. పిన్నులు లేవు, అంతా దారం కుట్టే. వీపుకు ముదురు ఎర్ర గుడ్డ వేశారు.

పది రోజులన్నది పదహారయింది. ఫోన్ ఎత్తరు. శుక్రవారం మధ్యాహ్నం మూసేస్తారు. 900 తీసుకున్నారు, ఈ పనికి అది ఎక్కువ కాదు. ఇచ్చే ముందు ప్రతి పేజీకి ఫోటో తీసుకోండి.

ఏ పేజీదో తెలియని ముక్క ఒకటి మిగిలింది. దాని మీద 'వయసు 3, జ్వరం' అని మాత్రమే ఉంది. భాయ్ దాన్ని పారేయలేదు. వెనక అట్ట లోపల చిన్న గుడ్డసంచి కుట్టి, అందులో పెట్టిచ్చారు.