కుక్కపిల్ల చెవికి ఇంటి వైద్యం: నూనె, వెనిగరు, ఉప్పునీళ్లు – ఏది మేలు?

అందరూ పడుకున్నాక కుక్కపిల్ల తల విదిలిస్తుంటే చెవి డొప్పలు టపటపా కొట్టుకునే చప్పుడు ఇల్లంతా వినిపిస్తుంది. కాసేపటికి వెనుక కాలితో చెవి గోక్కుంటూ సన్నగా మూలుగుతుంది. మన ఇళ్లలో చెవిపోటు అనగానే నువ్వులనూనెలో వెల్లుల్లి రెబ్బ వేసి కాచి, గోరువెచ్చగా రెండు చుక్కలు పోయడం అమ్మమ్మల నాటి అలవాటు కాబట్టి, అదే చేత్తో కుక్కపిల్ల చెవిలోనూ పోస్తాం. మా లాబ్రడార్ పిల్లకు ఐదో నెలలో, ముసురు పట్టిన శ్రావణంలో, నేనూ అదే చేశాను. నాలుగు రోజుల తర్వాత పశువైద్యుడు లైటు గొట్టం పెట్టి చూస్తే నూనె, గులిమి కలిసిన జిగురు తప్ప కర్ణభేరి కనిపించలేదు. ఆ జిగురంతా కడిగి తీశాక గాని లోపల ఏముందో వెతకడానికి వీలు కాలేదు. వాచిన చెవిని అంతసేపు కడుగుతుంటే అది పడ్డ బాధకు కారణం నేను పోసిన నూనే. ఇంట్లో దొరికే వాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎన్నడూ పనికిరాదో శ్రద్ధగా తెలుసుకోవడం నాకు అక్కడ మొదలైంది.

ముందుగా చెవి నిర్మాణం తెలియాలి. మన చెవిదారి దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్క చెవిదారి పైనుంచి కిందికి నిలువుగా దిగి, అక్కడ మలుపు తిరిగి, అడ్డంగా లోపలికి పోతుంది, కర్ణభేరి ఆ అడ్డదారి చివర ఉంటుంది. అందుకే చెవిలో పడిన నీరు గానీ నూనె గానీ దానంతట అది బయటికి రాదు. లాబ్రడార్, బీగిల్, కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల జాతుల్లో డొప్ప మూతలా పడి ఉండటం వల్ల లోపల గాలి ఆడదు, వానాకాలపు ఉక్కకు అక్కడ తేమ నిలిచిపోతుంది. ఇయర్ బడ్ పెట్టి తిప్పితే మురికి బయటికి రావడానికి బదులు ఆ మలుపు దాటి ఇంకా లోపలికి దిగి గట్టిపడుతుంది. కాబట్టి ఏ మందు వాడినా, వాడకపోయినా, ఇయర్ బడ్ మాత్రం లోపలికి పోనివ్వకూడదు.

ఇక ‘చెవి జబ్బు’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ పిల్లల్లో సాధారణంగా కనిపించేవి మూడు వేర్వేరు సంగతులు. మొదటిది చెవి మైట్లు, అంటే కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగులు. ఇవి తల్లి నుంచి, తోటి పిల్లల నుంచి, పిల్లుల నుంచి అంటుకుంటాయి. వీటివల్ల వచ్చే గులిమి నల్లగా, పొడిపొడిగా, డికాక్షన్ దిగిపోయాక ఫిల్టరులో మిగిలిన కాఫీపిప్పిలా ఉంటుంది. దానిని కొంచెం నల్లకాగితం మీద వేసి ఎండ వెలుగులోనో టార్చి కిందో నిదానంగా చూస్తే తెల్లని చుక్కలు కదులుతూ కనిపించవచ్చు. మా పిల్ల చెవిలోది నేను అలాగే చూశాను, కదిలేది ఏదీ కనిపించలేదు. రెండోది ఈస్టు, అంటే బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. దాని గులిమి గోధుమ రంగులో, జిడ్డుగా, పులిసిన వాసనతో ఉంటుంది. మూడోది బ్యాక్టీరియా. పసుపుపచ్చని చీము, దుర్వాసన, ముట్టుకుంటే కరవబోయేంత నొప్పి దాని లక్షణాలు. రెండు మూడు కలిసి ఉండటమూ మామూలే, రంగును బట్టి వాసనను బట్టి వేసుకున్న అంచనా తప్పడమూ మామూలే. దూదిపుల్లతో చెవి మొదట్లో తీసిన మురికిని గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తే కొద్ది నిమిషాల్లో సంగతి తేలిపోతుంది. ఇంటి వైద్యం చేయాలనుకునేవారు కూడా ఆ ఒక్క పరీక్ష ముందు చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

నూనె విషయానికి వద్దాం. కొబ్బరినూనె అయినా నువ్వులనూనె అయినా అవి చేసే మేలు రెండు విధాలు: ఎండి గట్టిపడిన గులిమిని మెత్తబరుస్తాయి, మైట్లకు ఊపిరి ఆడకుండా చేస్తాయి. ఈ రెండోది నిజమే గాని దాని వెనుక ఒక లెక్క ఉంది. మైటు గుడ్డు నుంచి పెరిగి మళ్లీ గుడ్లు పెట్టే దశకు చేరడానికి సుమారు మూడు వారాలు పడుతుంది, ఇవాళ నూనెకు చచ్చేవి పెద్దవే, గుడ్లు మిగులుతాయి. అందువల్ల నెల రోజుల పాటు విడవకుండా వేస్తే తప్ప ఫలితం నిలవదు. పైగా మైట్లు చెవి దాటి మెడ మీద, తోక మొదట్లో కూడా తిరుగుతాయి, అక్కడికి చెవిలో పోసిన నూనె చేరదు. ఇంట్లో ఇంకో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే దానికీ అదే సమయంలో వైద్యం జరగాలి. నెల రోజుల పాటు రోజూ చెవిలో నూనె పోయించుకోవడానికి ఏ కుక్కపిల్లా ఊరికే కూర్చోదు, చెయ్యి చూడగానే మంచం కిందికి దూరడం నేర్చుకుంటుంది. ఈస్టు ఉన్న చెవికైతే నూనె కీడే ఎక్కువ చేస్తుంది. ఈస్టు జిడ్డులో పెరిగే జీవి, నూనె ఆ జిడ్డును పెంచి, తేమను కప్పి ఉంచుతుంది. చీము ఉన్న చెవిలో నూనె పోయడం చీమును లోపల పెట్టి మూత పెట్టినట్టే.

వెనిగరుకు నూనె కంటే బలమైన ఆధారం ఉంది. దానిలోని ఎసిటిక్ ఆమ్లం చెవిలో పులుపు వాతావరణాన్ని కలిగిస్తుంది, ఈస్టుకూ చాలా రకాల బ్యాక్టీరియాకూ అది గిట్టదు. సూడోమోనాస్ వంటి మొండి బ్యాక్టీరియా కూడా 2 శాతం ఆమ్లానికి తట్టుకోలేదని పశుచర్మ వైద్యులు చెబుతారు. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగరులో ఆమ్లం 4 నుంచి 5 శాతం ఉంటుంది, దానికి సమానంగా కాచి చల్లార్చిన నీళ్లు కలిపితే సుమారుగా ఆ పాళ్లకు వస్తుంది. కలపకుండా పోస్తే చర్మం మండి వాపు పెరుగుతుంది. ఆపిల్ సైడర్ వెనిగరుకు ప్రత్యేక గుణాలు ఉన్నాయని నమ్మి ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదు, పని చేసేది రెంటిలోనూ ఉన్న ఆ ఆమ్లమే. అయితే వెనిగరు నీళ్లు ఆరోగ్యంగా ఉన్న చెవిని అలా నిలబెట్టడానికి, అంటే స్నానం తర్వాతో చెరువులో ఈత కొట్టాకో తేమ నిలవకుండా చూడటానికి పనికొస్తాయి. ఎర్రగా కందిపోయి, గోళ్లతో గీరుకుని పుండు పడిన చెవిలో అవే నీళ్లు పోస్తే నిప్పు పెట్టినట్టు మండుతాయి, ఆ తర్వాత ఆ పిల్ల చెవిని ఎవరినీ తాకనివ్వదు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ పులుపు మధ్యచెవిలోకి దిగుతుంది. చిల్లు ఉందో లేదో బయటి నుంచి చూసి చెప్పడం మన వల్ల అయ్యే పని కాదు.

ఉప్పునీళ్లు ఈ మూడింటిలో సాధువు. మందుల దుకాణంలో దొరికే నార్మల్ సెలైన్ 0.9 శాతం ఉప్పుతో ఉంటుంది, శరీరంలోని ద్రవాల ఉప్పుకు సరిపోయే పాళ్లు కాబట్టి మంట పుట్టదు. ఇంట్లో చేసుకోదలిస్తే లీటరు నీళ్లు బాగా మరిగించి 9 గ్రాముల ఉప్పు కరిగించి చల్లార్చుకోవాలి, ఆ రోజు మిగిలింది పారబోయాలి. ఇది ఈస్టునూ చంపదు, మైట్లనూ చంపదు, జిడ్డు గులిమిని కరిగించనూ లేదు. కేవలం కడుగుతుంది. కానీ తెలియక వాడినా హాని తక్కువ చేసేది ఇదే కాబట్టి, చెవిలో ఏముందో ఇంకా తేలని రోజుల్లో నేను చేతికి తీసుకునేది దీన్నే. అప్పుడు కూడా లోపల పోయను. దూదిని తడిపి పిండి, వేలు అందినంత మేర డొప్ప లోపలి మడతలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దుతాను. తడి మిగిల్చితే కడిగిన ప్రయోజనం పోతుంది.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. వేపనూనె ఘాటుకు కందిన చర్మం ఇంకా కందుతుంది, కుక్క కాలితో గోక్కుని ఆ కాలిని నాకుతుంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనె గోమార్లకు మంచిదని చాలామంది రాస్తారు గాని కర్పూరం కుక్కలకు విషం. వెల్లుల్లి వాటి కడుపులోకి పోతే ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. టీ ట్రీ ఆయిల్ ప్రకృతిసిద్ధమన్న పేరుతో అమ్ముడవుతున్నా, చిక్కనిది కొద్దిగా ఒంటికి తగిలినా కుక్కపిల్లలకు వణుకు, తూలుడు రావచ్చు. పసుపు చెవిలో ముద్దకట్టి కూర్చుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి శుభ్రమవుతోందని సంతోషపడతాం గాని అది మంచి చర్మాన్నీ తింటుంది, తర్వాత తడిని వదిలిపోతుంది.

మైట్లని తేలితే నెల రోజుల నూనె వైద్యం కంటే భుజాల మధ్య చర్మం మీద వేసే సెలమెక్టిన్ చుక్కలే కుక్కపిల్లకు సుఖమని చెబుతాను. ఆరు వారాలు నిండిన పిల్లలకు దాన్ని వాడతారు, ఒంటి మీద తిరిగే మైట్లకూ అది పనిచేస్తుంది, చెవిలో చెయ్యి పెట్టే పనే ఉండదు. ప్రకృతి వైద్యం మీద నాకున్న గౌరవం తగ్గి ఈ మాట అనడం లేదు, పిల్ల పడే బాధ ఎందులో తక్కువో చూసి అంటున్నాను. అయితే చౌకగా వస్తుందని పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షను మందును కొలత తెలియకుండా వాడవద్దు, కోలీ వంటి కొన్ని జాతుల్లో అది నరాలకు విషమవుతుంది. ఈస్టుకు, చీముకు పరీక్ష చూసి రాసిన చుక్కల మందు తప్పదు. అది తగ్గాక మళ్లీ రాకుండా చూసుకోవడంలో వెనిగరు నీళ్లు తమ పని తాము చేస్తాయి. తల ఒక పక్కకు వాలిపోయినా, నడుస్తూ తూలినా, డొప్ప ఉబ్బి బూరెలా అయినా ఇంట్లో ఏదీ పోయకుండా ఆ రోజే తీసుకువెళ్లాలి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో కుక్కలకూ వైద్యం చేస్తారు.

ఒక్కోసారి సమస్య ఇంకా తేలికది కావచ్చు. పొలం గట్ల మీద తిరిగిన పిల్ల ఒక్క చెవినే, హఠాత్తుగా, పిచ్చిపట్టినట్టు విదిలిస్తుంటే లోపల గోమారో, ఉత్తరేణి గింజో ఉండవచ్చు. పైకి కనిపించే గోమారిని పట్టకారుతో తల దగ్గర పట్టి నిదానంగా లాగవచ్చు, మలుపు దాటి పోయినది వైద్యుడే తీయాలి.

చెవి మాటిమాటికీ చెడుతుంటే మాత్రం చెవిలో ఏం పోయాలన్న ప్రశ్నను పక్కన పెట్టి గిన్నెలో ఏం పెడుతున్నామో చూడాలి. ఏడాది లోపు కుక్కపిల్లల్లో తిరగబెట్టే చెవి జబ్బుకు తిండి పడకపోవడం ఒక ముఖ్య కారణం, కుక్కలకు తరచుగా పడని వాటిలో పాలపదార్థాలు, కోడిమాంసం, గోధుమ ఉన్నాయి. మన ఇళ్లలో కుక్కపిల్ల తినేవి సరిగ్గా అవే, పెరుగన్నం, కోడిముక్కలు, మిగిలిన చపాతీలు. వైద్యుడి సలహాతో అది అంతవరకు ఎన్నడూ తినని ఒకే రకం మాంసం, ఒకే రకం పిండిపదార్థం ఎనిమిది వారాలు పెట్టి, తర్వాత పాత తిండి మళ్లీ మొదలుపెట్టి చూడటమే దానికి పరీక్ష. ఆ ఎనిమిది వారాల్లో ఒక్క బిస్కెట్టు ముక్క కూడా పెట్టకూడదు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం. మా లాబ్రడార్‌కు చేపా చిలగడదుంపా పెట్టాం. ఆరో వారానికి చెవి వాసన పోయింది, కోడిమాంసం తిరిగి పెట్టిన పది రోజులకు గోకుడు మొదలైంది. ఇప్పుడు దానికి మూడేళ్లు. కోడిమాంసం మానేశాం, స్నానం ముందు చెవి మొదట్లో దూది ఉండ పెడతాం, స్నానమయ్యాక వెనిగరు నీళ్లతో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి ఆరబెడతాం. రాత్రిళ్లు ఆ టపటపా చప్పుడు వినిపించి రెండేళ్లు దాటింది.