జాగ్రత్త: ఫారిన్ ఎంబీఏలో ‘ఇండియా స్టడీ ట్రిప్’కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మాది నెల్లూరు. డబ్లిన్‌లో ఏడాది ఎంబీఏ చేస్తున్నా. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి కాలేజీ పేరు, ట్రిప్ నడిపిన ఏజెన్సీ పేరు రాయడం లేదు. మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈసారి వెళ్లేవాళ్లు మాత్రం చూసి కట్టండి.

కోర్సులో వారం రోజుల స్టడీ ట్రిప్ ఉంటుంది. ఏ దేశమో మన ఇష్టం. లిస్టులో ఇండియా కనబడగానే ఎగిరి గంతేశా. చెన్నై చుట్టుపక్కల ఐదు కంపెనీలు, శ్రీసిటీలో ఒకటి. ఫీజు 2,350 యూరోలు, అంటే రెండు లక్షల పైమాటే. విమాన టికెట్ వేరే. తేదీలు జనవరి 12 నుంచి 18. అది పండగ వారమని నాకు వెంటనే వెలిగింది. పనిలో పనిగా ఇంటికి పోవచ్చని నోరు మూసుకున్నా. అది నా తప్పే.

పొంగల్‌కి తమిళనాడులో వరసగా సెలవులు. ఆరింటిలో మేం లోపల అడుగుపెట్టింది రెండింట్లోనే. సోమవారం చూసిన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ బాగుంది, కాదనను. భోగి రోజు శ్రీసిటీకి తీసుకెళ్తే, విదేశీయుల పాస్‌పోర్టు వివరాలు ముందుగా పంపలేదని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపేశారు. ఫొటో దిగి, తడలో టీ తాగి వెనక్కి! మిగతా రోజులు హోటల్ హాల్లో స్లైడ్లు. చెప్పినాయన ఏ కంపెనీ ఉద్యోగీ కాదు, ఏజెన్సీ మనిషే.

ఎగుమతుల పాఠమే కావాలంటే ఇందుకూరుపేటలో మా మామ రొయ్యల గుంట గట్టు మీద నిలబెట్టినా సరిపోయేది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం చేశాక కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధర) ఏమైందో ఆయన అరగంటలో చెప్పేవాడు.

పోనీ ఇంటికి పోదామంటే, హాజరు తప్పితే క్రెడిట్లు పోతాయన్నారు. "ఏంది అబ్బయా, మద్రాసు దాకా వచ్చి పండక్కి ఇంటికి రావా?" అని అమ్మ ఫోన్లో ఒకటే గోల. చివరికి నాన్నే అరిసెల డబ్బా పట్టుకుని రైలెక్కి వచ్చి హోటల్ లాబీలో ఇచ్చి వెళ్లాడు.

ఇంకో విచిత్రం. ఫీజులో ఇండియా వీసా ఖర్చని 110 యూరోలు వేశారు. నాది ఇండియా పాస్‌పోర్టు! అడిగితే ప్యాకేజీ అందరికీ ఒకటే అన్నారు.

కంపెనీల పేర్లు చూసి మోసపోకండి. ఫలానా తేదీన రమ్మని ఆ కంపెనీ పంపిన మెయిల్ చూపించమనండి. షరతుల్లో ‘సందర్శనలు మారవచ్చు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మారితే ఎంత వెనక్కి ఇస్తారో రాయించుకోకుండా ఒక్క యూరో కూడా కట్టొద్దు. తేదీలను మన పండగల క్యాలెండర్‌తో సరిచూసుకోండి, వాళ్లు చూడరు. ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లయితే తిరిగి వెళ్లే రోజుకి ఐఆర్‌పీ కార్డు (అక్కడ ఉండటానికి ఇచ్చే నివాస అనుమతి కార్డు) గడువు ఉందో లేదో కూడా చూసుకోండి.

నాలుగు మెయిళ్లు పెట్టాక ఇప్పటికి నాకు వెనక్కి వచ్చింది ఆ వీసా 110 యూరోలే.