సుమేరియన్ మట్టి పలకలు, సిలిండర్ సీళ్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? జాగ్రత్త!

సుమేరియన్లు వేల ఏళ్ల కిందట ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో బతికినవాళ్లు. వాళ్లు రాసుకున్నవి మట్టి పలకలు. పచ్చి మట్టి మీద దొర్లించి ముద్ర వేసే చిన్న స్తంభాకారపు రాళ్లు సిలిండర్ సీళ్లు. "నాలుగు వేల ఏళ్ల నాటి అసలు మట్టి పలక, సర్టిఫికెట్‌తో సహా" అంటూ కనిపించే ప్రకటనలు చూసి దయచేసి డబ్బు కట్టకండి. చాలాసార్లు ఇంటికొచ్చేది నకిలీ. అసలుదే వచ్చినా అది ఇరాక్‌లో దొంగతవ్వకాల సరుకు కావచ్చు. ఎటు చూసినా నష్టపోయేది కొన్నవాళ్లే.

నకిలీ పలక చేతిలోకి తీసుకుంటే తరచుగా అంతటా ఒకే రంగు, ఒకే మందం ఉంటుంది. గోరుతో తడితే పెంకులా మోగుతుంది. అసలు పలకలు ఎక్కువగా ఎండలో ఆరినవే. ముందు వైపు చదునుగా, వెనక వైపు కాస్త ఉబ్బుగా ఉంటాయి. పచ్చి మట్టిలో రెల్లు పుల్ల అదిమితే తల దగ్గర లోతైన త్రికోణం, దాన్నుంచి సన్నబడుతూ పోయే తోక పడతాయి. ఇలాంటి మేకు ఆకారపు గుర్తులతో రాసే క్యూనిఫాం లిపికి ప్రాణం ఆ త్రికోణమే. చాలా నకిలీల్లో అది ఉండదు, ఆరిన మట్టి మీద మేకుతో గీకిన గీతలుంటాయి. అచ్చులో పోసిందైతే గుర్తుల అంచులు మొద్దుబారి, పలక చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది.

ఇంకో పరీక్ష చాలామందికి తెలియదు. ఆ కాలపు లేఖకులు పలకను పుస్తకం పేజీలా పక్కకి కాకుండా, కింది అంచు మీదుగా తిప్పి వెనక వైపు రాసేవారు. కాబట్టి పక్కకి తిప్పి చూస్తే వెనక రాత తలకిందులుగా కనపడాలి. చోటు చాలక రాత కుడి అంచు మీదికి పాకడమూ మామూలే. అందుకే ముందు, వెనక, నాలుగు అంచులు, మొత్తం ఆరు ఫొటోలు అడగండి. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి. "గిల్గమేష్ కథ" (ఆ ప్రాంతపు ప్రాచీన వీరగాథ), "దేవతల శాపం" లాంటి మాటలకు అసలు పడిపోకండి. సుమేరియన్ నగరం ఊర్‌ను ఏలిన మూడో రాజవంశం నాటి చిన్న పలకల్లో ఎక్కువగా ఉండేవి గొర్రెలు, బార్లీ, బీరు లెక్కలే. చాలావాటి చివర నెల, సంవత్సరం రాసి ఉంటాయి. ఆ రోజువారీ లెక్కల్లోనే వాటి అందమంతా ఉంది.

2019లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో బహ్రెయిన్ నుంచి వచ్చిన సుమారు 190 వస్తువులను అధికారులు పట్టుకున్నారు. బ్రిటిష్ మ్యూజియం నిపుణులు చూస్తే అన్నీ నకిలీలే. పలకలను బట్టీలో కాల్చారు, కొన్ని గుర్తులు తలకిందులు, కొన్ని కల్పించినవి.

సిలిండర్ సీళ్లకు తక్కెడ చాలు. 3 సెంటీమీటర్ల పొడవు, 1.2 సెంటీమీటర్ల అడ్డకొలత, 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న హెమటైట్ (బరువైన ఇనుప ఖనిజపు రాయి) సీలు సుమారు 16 గ్రాములు తూగాలి. అదే కొలతలో రెజిన్‌ది (ప్లాస్టిక్ లాంటి పదార్థం) 4 గ్రాములు దాటదు. అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే అది కృత్రిమ హెమటైట్ కావచ్చు. పాత రంధ్రాలను తరచుగా రెండు చివర్ల నుంచీ తొలిచేవారు కాబట్టి మధ్యలో అవి కలిసే చోట కొద్దిగా తేడా పడుతుంది. మట్టి మీద దొర్లిస్తే సరిగా రావాలి కనుక సీలు మీద రాత సాధారణంగా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది.

ఇక కాగితాలు. అమ్మేవాడే రాసిచ్చిన సర్టిఫికెట్‌కు విలువ లేదు. 1990 ఆగస్టు 6 తర్వాత ఇరాక్ నుంచి అక్రమంగా బయటికి తెచ్చిన వస్తువుల వ్యాపారాన్ని నిషేధించాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2003లో 1483వ తీర్మానం చేసింది. ఆ తేదీకి ముందే ఆ వస్తువు ఎవరి దగ్గర ఉందో చూపే పాత రసీదో, వేలం కేటలాగో అడగండి. పార్సిల్ మీద "సిరామిక్ టైల్" అని రాసి పంపుతానంటే వెంటనే తప్పుకోండి. సరిగ్గా అలాంటి లేబుళ్లతో తెప్పించుకున్న ఓ పెద్ద అమెరికన్ సంస్థ 2017లో వేల వస్తువులు వదులుకుని, 30 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మన దగ్గరికి అసలుది వచ్చాక వెనక్కి పంపడమూ తేలిక కాదు. నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని మన దేశపు 1972 పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది.

ఇప్పటికే కొన్నారా? పలకను నీళ్లతో కడగకండి, కాల్చని మట్టి కరిగిపోతుంది. ప్రకటన స్క్రీన్‌షాట్లు, చాట్, పార్సిల్ లేబుల్ దాచుకోండి. కార్డు మీద కట్టుంటే బ్యాంకులో ఈరోజే డిస్ప్యూట్ వేయండి. మోసమని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.