ఏడేళ్లు వాడిన లోడ్ బ్యాలెన్సర్: మార్చాలా, ఉంచాలా?

భీమవరంలో ఒక ఆక్వా కంపెనీలో సర్వర్లు చూసుకోవడం నా పని. ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు వైపు చెరువులు చేసే రైతులు రొయ్యల కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి ఇచ్చే ధర), మేత బిల్లు, నీటి పరీక్ష రిపోర్టు మా సైట్‌లోనే చూసుకుంటారు. పట్టుబడి రోజున ధర తెరుచుకోకపోతే చెరువు గట్టు మీద ఏజెంటు చెప్పిందే ధర. అందుకే సైట్ నెమ్మదించిందంటే నాకు నిజంగానే టెన్షన్.

2017లో హార్డ్‌వేర్ లోడ్ బ్యాలెన్సర్ ఒకటి కొన్నాం. వచ్చే రిక్వెస్టులను వెనకున్న మూడు అప్లికేషన్ సర్వర్లకు పంచడం, హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్ (ఫోన్‌కూ సైట్‌కూ మధ్య నడిచేది ఎవరూ చదవకుండా గుప్తంగా మార్చడం) భారం తనే మోయడం దాని పని. 2024 వేసవికి పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య సైట్ బాగా ఇబ్బంది పెట్టసాగింది. "ఏమండీ, మీ సైట్ తిరుగుతానే ఉందండి, ధర రావట్లేదండి" అని రోజూ ఫోన్లు. పాత పెట్టె చాలడం లేదు, పది గిగాబిట్ల మోడల్‌కు మారండి అని 14 లక్షల కొటేషన్ వచ్చింది. ఎండీ గారు సంతకం పెట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. నేను నెల రోజులు గడువు అడిగాను.

ముందు ఆ పెట్టె మన్నిక గురించి చెప్పాలి. మా ఊరి గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. ఇనుప సామాను తొందరగా తుప్పు పడుతుంది. ఈ ఏడేళ్లలో ఒక ఫ్యాన్ మార్చాం, రోహిణి కార్తెలో ఏసీ ఆగిన రోజున ఒకసారి వేడికి ఆగిపోయింది. అంతే. రెండు పవర్ సప్లైలు ఉండటం వల్ల ఒకటి పాడైనా రెండోదానితో నడుస్తుంది. మన్నికలో దానికి వంక పెట్టలేను.

ఇక వేగం. కర్ల్ (వెబ్ పేజీని టైప్ చేసి తెప్పించుకునే సాధనం) కమాండ్‌తో ఒక పేజీకి పట్టే సమయాన్ని ముక్కలుగా కొలవవచ్చు: సైట్ పేరు వెతకడం, కనెక్షన్ కలవడం, టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్‌ను రెండు వైపులా కుదుర్చుకునే పద్ధతి) పూర్తవడం, సర్వర్ జవాబులో మొదటి బైట్ రావడం. రద్దీ వేళ మొబైల్ డేటా మీద కొలిచాను. టీఎల్ఎస్ పూర్తయ్యేసరికి 0.2 సెకన్లు, మొదటి బైట్ వచ్చేసరికి 3.4 సెకన్లు. అదే సమయంలో పెట్టె ప్రాసెసర్ వాడకం 20 శాతం దాటలేదు. దాని సామర్థ్యం సెకనుకు ఒక గిగాబిట్ (వెయ్యి మెగాబిట్లు), మా ఇంటర్నెట్ లైనే 100 మెగాబిట్లు. అంటే ఆలస్యమంతా పెట్టె వెనక జరుగుతోంది. గోదావరి పశ్చిమ డెల్టా కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం దగ్గర తూములు ఎంత పెద్దవి పెట్టినా, చేలకు నీళ్లు తెచ్చే బోదె పూడిపోతే శివారు చేలోకి నీళ్లు రావు. మాదీ అదే పరిస్థితి.

మొదట దొరికింది పంపకంలో తేడా. ఒకే మనిషి ప్రతిసారీ ఒకే సర్వర్‌కు వెళ్లేలా, సోర్స్ ఐపీని, అంటే రిక్వెస్టు వచ్చిన ఇంటర్నెట్ చిరునామాని బట్టి కట్టేసి ఉంచాం. 2017లో ఎక్కువమంది ఏజెంట్ల ఆఫీసుల నుంచి చూసేవారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే. మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెడతాయి. దాంతో వందల మంది రైతులు మా పెట్టెకు ఒక్క మనిషిలా కనిపించారు, అందరూ ఒకే సర్వర్ మీద పడ్డారు. ఆ సర్వర్ ఊపిరాడక ఉంటే పక్క రెండూ ఖాళీ. ఐపీ బదులు కుకీని (సైట్ ఒక్కొక్కరి బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు) బట్టి కట్టేలా మార్చాను. అరగంట పని. ఈ ఒక్కదానికే ఆలస్యం సగానికి తగ్గింది.

రెండోది ఇంకా బాధ పెట్టింది. పంపకానికి లీస్ట్ కనెక్షన్స్ పద్ధతి పెట్టాం, అంటే ఎవరి చేతిలో తక్కువ పని ఉంటే వారికి పంపడం. ఒకరోజు ఒక సర్వర్‌కు డేటాబేస్‌తో సంబంధం తెగిపోయింది. అది ప్రతి రిక్వెస్టుకూ వెంటనే ఎర్రర్ తిప్పికొట్టడం మొదలుపెట్టింది. వెంటనే తిప్పికొట్టేదాని చేతిలో ఎప్పుడూ పని తక్కువే కదా, పెట్టె కొత్తగా వచ్చేవారిని ఎక్కువగా దానికే పంపింది. సర్వర్ బాగుందో లేదో చూసే హెల్త్ చెక్ పోర్ట్ (సర్వర్ కనెక్షన్లు అందుకునే ద్వారం) తెరిచి ఉందా లేదా అని మాత్రమే చూసేది, కాబట్టి దాని లెక్కలో అంతా బాగున్నట్టే. ఆ పొద్దున ధర అందని రైతులకు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు హెల్త్ చెక్ ఒక చిన్న పేజీని అడుగుతుంది, ఆ పేజీ డేటాబేస్ నుంచి ఒక వరుస చదివి చూపిస్తేనే ఆ సర్వర్‌కు పని వెళుతుంది. మీ దగ్గర లోడ్ బ్యాలెన్సర్ ఉంటే దీన్ని ఈరోజే చూసుకోండి.

తర్వాత డేటాబేస్‌లోని ధరల పట్టికకు ఇండెక్స్ (తొందరగా వెతకడానికి సూచిక) పెట్టాం, ఫొటోల సైజు తగ్గించాం. మొదటి బైట్ 0.6 సెకన్లకు వచ్చింది. అదే పాత పెట్టెతో.

అయినా చివరికి పెట్టెను మార్చాం. కారణం వేగం కాదు, భద్రత. దాని లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3, 2015లో వచ్చిన, ఒకే కనెక్షన్ మీద చాలా ఫైళ్లు ఒకేసారి పంపగల హెచ్‌టీటీపీ/2 రెండూ దానికి రావు. టీఎల్ఎస్ 1.2లో కొత్త కనెక్షన్ మంతనాలకు రెండుసార్లు వెళ్లి రావాలి, 1.3లో ఒక్కసారి చాలు. సిగ్నల్ సరిగా లేని చెరువు గట్టు మీద ఆ ఒక్కసారి తగ్గినా తేడా తెలుస్తుంది. అయితే దాని కోసం 14 లక్షలు అక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్‌కు ప్రత్యేక కార్డు తప్పనిసరైన రోజులు మా స్థాయి సైట్లకు పోయాయి, ఇప్పటి మామూలు సర్వర్ ప్రాసెసర్లలోనే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి లెక్కలకు సదుపాయం ఉంది. సర్టిఫికెట్‌ను ఆర్ఎస్ఏ అనే పాత కీ పద్ధతి నుంచి ఈసీడీఎస్ఏ అనే కొత్త పద్ధతికి మారిస్తే సర్వర్ మీద భారం మరింత తగ్గుతుంది. రెండు మామూలు సర్వర్లు కొని, 2001 నుంచి ఉన్న హెచ్ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్ వేసి, ఒకటి పోతే రెండోది ఐపీ అందుకునేలా కీప్‌అలైవ్‌డీ పెట్టాను. రెండున్నర లక్షల్లో అయిపోయింది. ఒకదాని పవర్ వైరు పీకి చూస్తే మూడు నాలుగు సెకన్లలో రెండోది అందుకుంది.

పోగొట్టుకున్నదీ ఉంది. పాత పెట్టెలో అన్నీ స్క్రీన్ మీద కనిపించేవి, కొత్త కుర్రాళ్లు కూడా చూసుకునేవారు. ఇప్పుడంతా టెక్స్ట్ ఫైలే. అర్ధరాత్రి ఫోన్ చేసి అడగడానికి కంపెనీ ఇంజినీర్ లేడు, నేనే లేవాలి. సెకనుకు కొన్ని గిగాబిట్ల రద్దీ ఉండి, లినక్స్ తెలిసిన మనిషి లేని చోట హార్డ్‌వేర్ పెట్టె కొనడమే మంచిదని ఇప్పటికీ అంటాను.

ఇంకొక పని మిగిలింది. ఇప్పుడు రెండు సర్వర్లూ ఒకే యూపీఎస్ మీద, ఒకే ఇంటర్నెట్ లైను మీద నడుస్తున్నాయి. తుపాను గాలికి ఆ కేబుల్ తెగితే రెండూ ఉండి లాభం లేదు. మిగిలిన డబ్బులో నుంచి రెండో యూపీఎస్, వేరే కంపెనీ లైను అడిగాను, ఎండీ గారు సరేనన్నారు. కొత్త లైను పాతదాని స్తంభాల మీదుగా కాకుండా వేరే వీధి నుంచి రావాలని లైన్‌మెన్‌తో కలిసి నడిచి చూసి వచ్చాను.